ఇంటినే బడి చేస్తే...

'మా పాపకు ఏడేళ్లు. బడి మాన్పించి ఇంట్లోనే చెప్పుకుందామనుకుంటున్నా. మాంటిస్సోరి పద్ధతి మంచిదని ఒకరు, పుస్తకాల సెట్టు తెప్పించమని ఒకరు, అసలేమీ చెప్పకుండా పిల్లనలా వదిలెయ్యమని ఇంకొకరు. ఏం చెయ్యను?' జి. కొండూరు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది.

పొద్దున్నే బస్సెక్కి చీకటి పడ్డాక వాడిపోయి దిగే పిల్లను చూస్తే ఏ తల్లికైనా ఈ ఆలోచన రాకపోదు. తప్పేం లేదు. అయితే తొందరా వద్దు.

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. చేత్తో పట్టుకుని, పేర్చి, విడదీసి నేర్చుకునే వయసులో వల్లె వేయించొద్దన్నది ఆమె మాట. దానికి ఖరీదైన చెక్క సామాను లేకపోయినా ఫర్వాలేదు. రసాల కాయలు పదేసి కుప్పలు పెట్టినా ఎక్కం వస్తుంది. కథలతోనే తరగతి నడపొచ్చన్నారు గుజరాత్‌లో గిజుభాయి బధేకా. అమెరికాలో జాన్ హోల్ట్ అయితే బడి లేకుండా పెరిగే పిల్లల కోసం 1977లో పత్రికే పెట్టారు. అందరూ ముచ్చటపడే 'రైలుబడి' సంగతి చూడండి. ఒక బడి పంపించేసిన టోటోచాన్‌ను అక్కున చేర్చుకున్నది మరో బడి, అక్కడి నేస్తాలు!

అందుకే ఏ ఒక్క పద్ధతికీ కట్టుబడక్కర్లేదు. సర్కారు వాచకాన్ని దారిగా పెట్టుకుని రోజూ రెండు గంటలు తెలుగు, లెక్కలు చెప్పండి. మిగతాది ఊరే చెబుతుంది. మామిడి పూతకు తేనెమంచు పురుగు ఎప్పుడు పడుతుంది? కొండపల్లి బొమ్మకు పొణికి కర్రే ఎందుకు? వెలగలేరు దగ్గర కృష్ణకు మళ్లించే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడనెలా ముంచింది? ఏ సెట్టులో దొరుకుతాయివి?

చట్టం సంగతీ తెలిసుండాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది 2009 విద్యాహక్కు చట్టం. ఇంటి చదువు ఊసే అందులో లేదు. పిల్ల మళ్లీ బడికొస్తే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని మాత్రం ఉంది. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. చెప్పేదెవరు? 'ఇంట్లోనే ఉంటావుగా, నువ్వే చెప్పు' అంటారు. వంటా, పాడీ, కోతల రోజుల్లో తోటకు క్యారియర్లూ... వీటి మీద ఇదొకటా? వారంలో తన వంతు ఎన్ని గంటలో నాన్న ముందే ఒప్పుకోవాలి. లేకపోతే మొదలే పెట్టకండి.

ఇంకోమాట. ఆడపిల్లలు గడప దాటి చదువుకోవాలనే కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టారు. ఇంటి చదువు పేరుతో ఆ గడప మళ్లీ అడ్డు పడకూడదు. పాప చేతికి చీపురూ, చంకకు తమ్ముడూ వచ్చేస్తే అది ఇంటి చదువు కాదు, ఇంటి పని. సాయంత్రం ఈడు పిల్లలతో ఆట ఉండి తీరాలి.

ఒక్క ఏడాది చూడండి. వచ్చే కాపుకు పాప తనంతట తాను కథ చదువుతోందా, నేస్తాలున్నారా, మీ ఒంట్లో ఓపిక మిగిలిందా? ఈ మూడింటికీ 'ఊఁ' అని జవాబొస్తే కొనసాగించండి. లేదంటే మంచి బడి వెతకండి. అది ఓటమేం కాదు.