బావి ఊటను కొలిచిన పిదపనే మోటారు

వ్యవసాయదారుడు బావి త్రవ్వించునపుడు లోతు నెంచును. మోటారు కొనునపుడు అశ్వశక్తి నెంచును. ఈ రెంటికిని నడుమ నున్న అసలు సంగతిని, అనగా ఆ బావిలోనికి గంటకు ఎంత నీరు ఊరుచున్నదను దానిని, ఎంచువారు అరుదు. ఆదాయ మెంతయో యెఱుగక వ్యయమును నిర్ణయించు గృహస్థుని సంసార మెట్లుండునో, ఊట యెంతయో యెఱుగక మోటారును నిర్ణయించు రైతు సేద్యమును అట్లే యుండును. కావున సహకార సంఘములు మోటారులకును బోరులకును అప్పు లిచ్చునపుడు ముందుగా ఊట లెక్కను అడుగవలెననియు, ఆ లెక్క తీయు విధమును సభ్యులకు నేర్పవలెననియు మా అభిప్రాయము.

మోట కాలమున ఈ ప్రశ్నకు అంతగా తావు లేకుండెను. నీరు అడుగంటగానే రైతు ఎద్దులను విప్పి, బావి ఊరువఱకు ఆగుచుండెను. ఎద్దుల అలసటయు బావి ఊటయు ఒకదాని కొకటి హద్దుగా నుండెను. విద్యుత్తు మోటారునకు అలసట లేదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభించినపుడు, ఆటో స్టార్టరులను తొలగింపుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చెను. కరెంటు రాగానే తనంత తాను తిరుగు మోటారు బావిలో నీరున్నదా లేదా యని చూడదు గదా!

ఊటను కొలుచుట కష్టమైన విద్య కాదు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుటకు పోయిన మన పిల్లలు పలువురు ప్రక్కనే యున్న తార్నాకలో గదులు అద్దెకు తీసికొని యుందురు. అచ్చటి ఇండ్ల క్రింద నేలలో సంపులు కలవు. కొళాయి నీరు మొదట సంపులో పడును. దానిని మోటారు మీది తొట్టికి ఎక్కించును. ఆ సంపు పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అనుకొందము. అపుడు దానిలో ఒక సెంటీమీటరు మట్టము 60 లీటర్లకు సమానము. మోటారు ఆపి చూడగా పది నిమిషములలో మట్టము 15 సెంటీమీటర్లు పెరిగినచో, వచ్చిన నీరు 900 లీటర్లు, అనగా నిమిషమునకు 90 లీటర్లు.

మోటారును ఆపుటకు వీలులేని చోటను లెక్క తప్పదు. ఆ మోటారు నిమిషమునకు 150 లీటర్లు తోడునదైనచో, పది నిమిషములలో 1,500 లీటర్లు పోయెను. అదే వేళలో మట్టము 10 సెంటీమీటర్లు దిగినదనిన, సంపు నిల్వనుండి 600 లీటర్లు మాత్రమే తఱిగెను. తక్కిన 900 లీటర్లు కొళాయినుండి వచ్చినవే. తోడిన నీటిలోనుండి నిల్వ తఱుగుదలను తీసివేసిన మిగులునది ఊట, ఇదియే సూత్రము.

ఇక మన బావికి వత్తము. 8 మీటర్ల అడ్డుకొలత గల గుండ్రని బావిలో ఒక సెంటీమీటరు నీరు సుమారు 503 లీటర్లు. తోడుట ఆపిన పిదప మొదటి గంటలో మట్టము 12 సెంటీమీటర్లు లేచినచో ఊట గంటకు 6,000 లీటర్లు, నిమిషమునకు 100 లీటర్లు. నీరు పైకి వచ్చినకొలది ఊట మందగించును గాన, అరగంట కొకసారి కొలిచి వ్రాసికొనవలెను. ఒక టేపు, ఒక గడియారము, ఒక పుస్తకము ఉన్న చాలును.

ఇట్టి బావిలో 3 మీటర్ల నీరున్నదనియు, 5 అశ్వశక్తుల మోటారు నిమిషమునకు 600 లీటర్లు తోడుననియు అనుకొందము. ఊట పోగా గంటకు 30,000 లీటర్లు తఱుగును. మట్టము గంటకు 60 సెంటీమీటర్ల వంతున దిగి, అయిదు గంటలలో బావి వట్టిపోవును. నీరు చాలలేదని రైతు అప్పుచేసి 10 అశ్వశక్తుల మోటారు తెచ్చెను. అది రెట్టింపు తోడినచో రెండుంబావు గంటలలోనే అడుగు కనబడును. పెరిగినది అప్పు గాని నీరు కాదు. ఊట నిమిషమునకు 100 లీటర్లు ఉన్నంతకాలము ఆ బావి దినమునకు ఈయగలది 1,44,000 లీటర్లే. వరికి దినమునకు సుమారు ఒక సెంటీమీటరు నీరు కావలెననుకొన్న అది మూడున్నర ఎకరములకు సరిపోవును. వేసవిలో ఊట సగమైన పైరును సగము కావలెను, లేదా ఆరుతడి పంట వేయవలెను.

బోరు విషయము మఱింత కఠినము. ఆఱున్నర అంగుళముల బోరులో ఒక మీటరు నీరు సుమారు 21 లీటర్లే. ముప్పది మీటర్ల నీరు నిలిచియున్నను, నిమిషమునకు 100 లీటర్లు తోడు మోటారునకు అది ఆఱు ఏడు నిమిషముల పని. బోరులో నిల్వ లేదు, ఊటయే సర్వస్వము. రెండు మూడు గంటలు తోడిన పిదప 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకనులలో నిండునో చూచిన దాని నిజస్థితి తెలియును. మోటారు వేసిన తొలి నిమిషముల ధారను చూచి సంతోషించుట మోసపోవుట.

మఱింత లోతునకు పోయిన నీరు దొరకదా యని కొందఱందురు. తార్నాకకు చేరువనే, హబ్సిగూడలో, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కలదు. అచ్చట 1999లో ఏర్పడిన ఇండో ఫ్రెంచి భూగర్భజల పరిశోధనా కేంద్రమువారు, నగరమునకు దక్షిణమున మహేశ్వరము వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల నల్లరాతి భూమిని శోధించిరి. నీరు ముఖ్యముగా పైనున్న శిథిలశిలలోను, దాని క్రింది పగుళ్లలోను ఉండుననియు, లోతు పెరిగినకొలది పగుళ్లు అరుదగుననియు తేలెను. అచ్చటి రాయి తనలోనుండి విడుచు నీరు నూటికి ఒకటిన్నర పాలైనను లేదు. అనగా ఒక ఎకరము క్రింద నీటిమట్టము ఒక మీటరు దిగినచో లభించునది సుమారు 57,000 లీటర్లు, ఆ ఎకరముపై ఒకటిన్నర సెంటీమీటర్ల తడికి లోపే. ఇంత పలుచని ఖజానాను నమ్మి వెయ్యి అడుగుల బోరునకు అప్పు చేయుట ఎంతటి సాహసమో ఆలోచింపుడు.

“నేను ఆగినచో నా నీటిని ప్రక్కవాడు తోడుకొనును గదా” యను ఆక్షేపణ యొకటి కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. భూమిలోని నీరు గట్టులను ఎఱుగదు. కాని ఈ కారణముచేతనే కొలత ఒక్కరి పనిగా గాక ఊరి పనిగా నుండవలెను. గత దశకములలో ఆంధ్రప్రదేశమున రైతుల యాజమాన్యములో భూగర్భజల పథకము ఏడు కఱవు జిల్లాలలో నడిచినపుడు, రైతులే వర్షమును, బావుల మట్టమును, మోటారుల ధారను కొలిచి, ఆ లెక్కను ఊరిలో అందఱికిని చూపి, ఏ పంట ఎంత వేయవచ్చునో కలసి ఆలోచించిరి. చదువు రానివారును ఈ కొలతలు నేర్చిరి. ప్రక్కవాని బావి లెక్క కంటి ఎదుట నున్నపుడు అనుమానము తగ్గును, మాటకు తావు కలుగును.

కావున ప్రతి ప్రాథమిక సహకార సంఘమును ఒక టేపును, ఒక ఊట పుస్తకమును ఉంచవలెను. వానలు వెలిసిన పిదప ఒకసారియు, వైశాఖమాసమున ఒకసారియు సభ్యుల బావులను కొలిచి వ్రాయవలెను. మోటారు అప్పునకు దరఖాస్తు వచ్చినపుడు వైశాఖపు అంకెనే ప్రమాణముగా గొనవలెను. ఊటకు మించిన మోటారునకు అప్పు నిరాకరించుట సభ్యునకు కీడు చేయుట కాదు, అతని పొలమును తాకట్టునుండి కాపాడుట.

రైతు సోదరులారా! ఇంటిలో గింజలను కుంచముతో కొలిచికాని గాదెలో పోయము. ఆ గింజకు ప్రాణమైన నీటిని మాత్రము కొలువకయే వాడుచున్నాము. ఈ వేసవి రాకమునుపే మీ బావిలోనికి ఒకసారి టేపు దింపుడు. అది చూపు అంకె చిన్నదైనను, దానిని నమ్మి వేసిన పైరు చేతికి వచ్చును.