ఆకాశ యుద్ధంలో ఆయుధ నిర్ణయం

సెలవు దినాలలో మా మిత్రబృందం కంప్యూటరు ముందు కూర్చుని ఆడే ఆట ఒకటి కలదు. దాని పేరు 'గన్స్ ఆఫ్ ఇకారస్ ఆన్‌లైన్'. 2012లో వెలువడిన ఈ ఆటలో ఒక్కొక్క గాలి ఓడను నలుగురు నడుపుతారు. ఒకరు చుక్కాని పట్టగా, తక్కినవారు తుపాకులను, మరమ్మతులను చూసుకొంటారు. ఏ ఓడకు ఏ తుపాకులు బిగించవలెనన్నది యుద్ధానికి పూర్వమే తేల్చుకోవలసిన విషయం. గాట్లింగ్ తుపాకీ శత్రువు కవచాన్ని ఇట్టే ఒలిచివేస్తుంది. కాని లోపలి ఓడకు దానివలన కలిగే నష్టం స్వల్పం. మోర్టారు ఓడను బద్దలు చేయగలదు. కవచం ఉన్నంతసేపు దాని ప్రతాపం సాగదు. కనుక రెండూ ఉండవలెను, రెంటినీ పేల్చేవారు ఒకరి సమయాన్ని మరొకరు ఎరిగి ఉండవలెను. ఈ సంగతి తెలియక, కంటికి భీకరంగా కనిపించిన తుపాకులన్నీ బిగించుకొని మేము వరుసగా ఓడిపోయాము!

ఇటువంటి ఆలోచన మనకు కొత్త కాదు. సంక్రాంతికి హైదరాబాదు మేడలమీద సాగే పతంగుల పోరులోనూ ఆయుధ నిర్ణయమే ప్రధానం. నూలు దారానికి జిగురు, రంగు, గాజుపొడి పట్టించి మాంజా చేస్తారు. గాజు ఎక్కువైతే పదును హెచ్చుతుంది, బరువూ హెచ్చుతుంది. చిన్న పతంగి దానిని మోయలేదు. పేంచ్ పడినప్పుడు దారం వదలే 'ఢీల్' పద్ధతివారికి ఒక దారం, చరచర లాగే 'ఖేంచ్' పద్ధతివారికి మరొకటి నప్పుతుంది.

నైలాను మాంజా వచ్చి ఈ వివేచననంతా తుడిచిపెట్టినది. తెగని దారం చేతిలో ఉన్నవానికి నేర్పుతో పనియేమి? ఆట చెడుట ఒక్కటే కాదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనిని దేశమంతటా నిషేధించినది. అయినను 2024 జనవరిలో హైదరాబాదు లంగర్‌హౌస్ వద్ద ద్విచక్ర వాహనంపై వెళుతున్న సైనికుడొకడు ఇట్టి దారం గొంతుకు తగిలి మరణించాడు. మన కోనసీమలో తెగిన పతంగి పడేది కొబ్బరి మొవ్వులోనే. అక్కడ చిక్కుకొన్న నైలాను దారం కుళ్లదు. కాయ దింపేందుకు ఎక్కే మనిషి చేతికి, కొంగల రెక్కలకు అది ఉరియే.

గాజు పూసిన నూలు మాత్రం మంచిదా అని మా ఉర్దూ శాఖ మిత్రులు ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్న. అది కూడ వేళ్లను, పిట్టలను కోస్తుంది. ఏమీ పూయని సాదా నూలుతో తెగుట ఆలస్యం కావచ్చు; కాని ఢీల్, ఖేంచ్ రెంటికీ అప్పుడే నిజమైన పరీక్ష.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. సంక్రాంతి సెలవులకు ముందు క్రీడా మైదానంలో పతంగుల పోటీ ఏర్పాటు చేయించండి. దారం మాత్రం అందరికీ కమిటీయే, ఒకే రకం సాదా నూలు, ఇవ్వవలెను. సొంత దారం తెచ్చినవారిని చేర్చుకోరాదు. జట్టుకు నలుగురు చాలు. పతంగుల ఖర్చుకు మేము చందాలు వేసుకొంటాము.