పేరు ఒకటే, చేప వేరు

అక్వేరియం దుకాణంలో అద్దాన్ని నోటితో పట్టుకుని వేలాడే చేప ఏదైనా సరే, అమ్మేవారు చెప్పే పేరు ఒకటే: సక్కర్. ఆ పేరు చాటున రెండు ఖండాల చేపలున్నాయి. ఏది ఏదో తెలియకుండా కొంటే ఒకటి మీ తొట్టెలో ఊపిరాడక చస్తుంది. రెండోది తొట్టెలో పట్టనంత పెరుగుతుంది.

పెరిగేది దక్షిణ అమెరికాకు చెందిన టెరిగోప్లిక్తిస్. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగితే 40 సెం.మీ. దాటుతుంది. దాన్ని భరించలేని యజమానులు చెరువులోనో, కాలువలోనో వదిలేస్తారు. వలలు చింపుతుందని తెలుగు మత్స్యకారులు తిట్టుకునే దెయ్యం చేప ఇదే.

ఊపిరాడక చచ్చేది ఆఫ్రికా ఏరుల్లోని కైలోగ్లానిస్. జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పీటర్స్ 1868లో పెట్టిన ఈ పేరుకు గ్రీకు మూలాల్లో అర్థం ‘పెదవి జెల్ల’. ఇందులో 50కి పైగా జాతులున్నాయి. చాలావాటి పొడవు 10 సెం.మీ. లోపే. తలకిందులుగా ఈదడానికి పేరుపడ్డ సైనోడాంటిస్‌ చేపలదీ ఇదే కుటుంబం.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అద్దానికి అంటుకున్నప్పుడు బయటి నుంచి దాని నోరు చూడండి. పెదవులు, మీసాలు కలిసిపోయి గుండ్రటి బిళ్లలా కనిపిస్తాయి. మీసాల కొసలు మాత్రం అంచున పొడుచుకొస్తాయి. చర్మం నున్నగా ఉంటుంది. దక్షిణ అమెరికా చేపకైతే ఒంటినిండా ఎముక పలకల కవచమే. అయితే కైలోగ్లానిస్‌లో అది ఏ జాతో తేల్చడం నిపుణుల పని. కింది దవడ పళ్ల సంఖ్య, మీసాల పొడవు, తోక ఆకారం, అన్నిటికీ మించి ఏ నదిలో పట్టారన్నది తెలియాలి. కాబట్టి అమ్మేవారిని ముందు అడగాల్సింది నది పేరు.

ఇక పెంపకం. ఆ నోటి బిళ్ల ఉన్నది మీ అద్దం తుడవడానికి కాదు. ఉరవడిగా పారే నీటిలో రాయిని పట్టుకుని కొట్టుకుపోకుండా నిలవడానికి. అందుకే తొట్టెలో నీరు గట్టిగా పారాలి, నున్నటి గుండ్రాళ్లు, దాక్కునే సందులు ఉండాలి. కొత్త తొట్టె పనికిరాదు. రాళ్లకు పాకుడు పట్టి, ఫిల్టర్ కుదురుకున్నాకే చేపను దించాలి. నాచు బిళ్లలొక్కటే సరిపోవు. ఏరులో ఇది కీటకాల పిల్లపురుగులను కూడా తింటుంది కనుక గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్‌లూ వేయాలి. రెక్కల ముళ్లు వలలో చిక్కుకుంటాయి, పట్టాల్సి వస్తే గిన్నెతో పట్టండి.

అసలు చిక్కు మన వేసవి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 24 డిగ్రీల ప్రాంతంలో హాయిగా ఉండే చేపకు మే నెల గది ఉష్ణోగ్రతే ప్రమాదం. దానికి తోడు కరెంటు పోయి పంపు ఆగితే పరిస్థితి మరీ విషమిస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోవడం తప్పనిసరి.

ఇంత ఏర్పాటు కుదరకపోతే కొనకండి. కొన్నాక సాకలేకపోతే పెంచగలిగినవారికి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలొద్దు. అద్దం మీది నాచు గీకడమే మీ అవసరమైతే దానికి స్పాంజి ముక్క చాలు.