కరవు భత్యము ఎవరికి?

2025 జూలైలో పత్రికలయందు ఒక వార్త వెలువడినది. ఆ జూన్ నెలలో తెలంగాణమున వినియోగదారుల ధరల సూచిక, 2024 జూన్ నాటికన్న నూటికి 0.93 వంతు తగ్గినదట. దేశమునకంతటికిని ఆ నెల పెరుగుదల నూటికి 2.10 ఉండగా, పెద్ద రాష్ట్రముల పట్టికలో మన రాష్ట్రము అన్నిటికన్న క్రింద నిలిచినది. నేనా వార్తను మా పాఠశాల వసారాలో నలుగురు వినునట్లు చదివితిని. చదువునపుడు నా గొంతులో కొంత గర్వము కూడ నుండెననుట నిజము.

బాసరలో సరస్వతీదేవి సన్నిధికి అక్షరాభ్యాసమునకై బిడ్డలను తోడుకొని వచ్చువారికి పలకలు, బలపములు అమ్ముకొని బ్రదుకు ముదుసలి యొకతె ఆ వేళకు మెట్టుపై కూర్చుండి యున్నది. వయసుననున్నపుడు ఆమె బీడీలు చుట్టినది. చూపు మందగించిన పిదప తునికాకు కత్తిరింపజాలక ఆ పని మానినది. నెలకు 2,016 రూపాయల పింఛనును, ఈ పలకలును ఆమెకు ఆధారము. నేను చదివినది విని ఆమె, "ధరలు దిగినయంటున్నవు గద సారూ, మరి నా పింఛన్ పైసలు పదిహేనొద్దులకే ఎందుకు ఒడుస్తున్నయి?" అని యడిగినది. "అది వేరే లెక్క, అవ్వా" అంటిని. ఆమె నవ్వి ఊరకుండెను. ఆ వేఱు లెక్క యేదియో అప్పటికి నాకును తెలియదు. తెలియని దానిని తెలిసినట్లు పలుకుట మా వృత్తిలో అలవాటైపోయిన దోషము.

మఱునాడు ఎనిమిదవ తరగతిలో చక్రవడ్డీ చెప్పవలసి వచ్చినది. పుస్తకములోని షావుకారును, అతని అప్పును ప్రక్కకు నెట్టి, మన దేశమున వినియోగదారుల ధరలు ఏటేట నూటికెంత పెరిగినవో నల్లబల్లపై వ్రాసితిని. 2020-21 లో 6.2; 2021-22 లో 5.5, 2022-23 లో 6.7, 2023-24 లో 5.4, 2024-25 లో 4.6. ఒక యేటి పెరుగుదలమీద మఱుసటి యేటి పెరుగుదల వచ్చి కూర్చుండును గావున ఇది అచ్చముగ చక్రవడ్డీయే. బాలురు గుణించి చెప్పిరి: 2019-20 లో నూరు రూపాయలకు దొరకిన సరకులకు 2024-25 లో ఇంచుమించు 132 రూపాయలు కావలయును. ఇక అవ్వ పింఛను సంగతి. అది 2,016 రూపాయలైనది 2019 లో. ఆనాడు ఆ పైకముతో కొన్నదానినే 2024-25 లో కొనవలెనన్న 2,650 రూపాయలకు పైగా కావలసియుండెను. ఆమె చేతికి వచ్చినది 2,016 మాత్రమే. ఆ పైకము 2019-20 నాటి 1,530 రూపాయలతో సమానము. అనగా ఇంచుమించు నాలుగవవంతు పింఛను ఆమెనుండి తీసికొనబడినది. ఇందులకు ఏ కార్యాలయమునందును ఉత్తరువు వ్రాయబడలేదు. శాసనసభలో ఎవరును చేయి యెత్తలేదు. ఏ పత్రికయు ఖండింపలేదు. 2,016 అని అంకె యచ్చుపడుచున్నంతకాలము ఎవరి మనసునకును తాకదు.

నేను వేసినది దేశపు సగటు లెక్క. తెలంగాణపు లెక్క ఇంతకన్న మెత్తనిదని యెవరును భ్రమపడనక్కఱలేదు. 2022 లో ధరలు మిక్కిలి వేగముగా పెరిగిన రాష్ట్రములలో మనది యొకటి. ఇట్లుండగా 2025 జూన్ నాటి 0.93 తగ్గుదల అవ్వకు మిగిల్చినదెంత? ఆమెకు కావలసియున్న 2,650 రూపాయలలో ఒక పాతిక రూపాయలు. ముప్పదిరెండు మెట్లెక్కినవాడు ఒక్క మెట్టు దిగి, నేలకు వచ్చితినని చాటుకొన్నట్లున్నది మన సంతోషము.

ఆ తగ్గినవైనను ఏవి? ముఖ్యముగా కూరగాయలు, పప్పులు. ఇవి మన చుట్టుప్రక్కల రైతు అమ్ముకొనునవి. కంది ధర దిగిన కొనువానికి మేలే. కాని ముధోలు, భైంసా ప్రాంతపు రైతుకు అది రాబడి తఱుగుట. ఆ కాలముననే వంటనూనె ధర మండిపోయినది. 2024 సెప్టెంబరులో విదేశములనుండి వచ్చు ముడి నూనెపై సుంకమును నూటికి 5.5 నుండి 27.5 కు పెంచిరి. సోయా పండించువారికి మేలగునని చెప్పిరి. నూనె ధర పెరిగినది గాని, ఆ యేడు సోయా క్వింటాలునకు సర్కారు ప్రకటించిన 4,892 రూపాయల మద్దతు ధరకన్న తక్కువకు బజారులో అమ్ముడుపోయినది. కొబ్బరికాయ ధర గూర్చి యాత్రాస్థలమున నివసించువారికి నేను వేఱుగ చెప్పవలసినది లేదు. యాత్రికుడు ఏడాదికొక్కమారు ఇచ్చు వెలను ఈ యూరివారు దినదినము ఈయవలసివచ్చుట బాసరలోని పాత బాధయే.

టీకొట్టు రాజకీయవేత్తలవలె సూచిక యంతయు అబద్ధమని నేననను. 2012 ను ఆధారముగ గొని 2025 లో వెలువడుచుండిన ఆ సూచికకు 1,181 పల్లెలనుండియు, 310 పట్టణముల అంగళ్లనుండియు నెలనెల ధరలు సేకరించిరి. అది శ్రమతో కూడిన పని, గౌరవింపదగిన పని. దానిలో లోపములు లేకపోలేదు. 2011-12 నాటి సంసారముల వెచ్చమును చూచి కట్టిన తూకములను 2025 లోను వాడుట యందొకటి. పల్లెల సూచికలో తిండికి నూటికి 54 వంతుల తూకము వేసిరి. మా అవ్వ వెచ్చములో తిండియు మందులును తప్ప తక్కినవి చాల కొంచెము. అయినను నా తగవు సూచికతో కాదు. ఆ సూచికను ఎవరి కొఱకు తెఱచి చూచెదరు, ఎవరి కొఱకు మూసి పెట్టెదరు అనుటయే నా తగవు.

ఇచ్చట నా సంగతి చెప్పక తప్పదు. నేను జీతగాడను. నా జీతముతో కూడ కరవు భత్యమనునది యొకటి వచ్చును. భత్యమనగా దినవెచ్చమునకై యిచ్చు పైకము. ధరల సూచిక పెరిగినకొలది అదియు పెరుగవలెనని నియమము. అది వేళకు రాకపోవచ్చును. అయినను రావలసిన బాకీగా నిలిచియుండును. దానికై మేము సభలు జేసెదము, వినతిపత్రములు వ్రాసెదము. నేనెన్ని పత్రములపై సంతకము చేసితినో నాకే జ్ఞాపకము లేదు. వానిలో ఒక్కదానియందైనను, "మాకువలెనే పింఛను ముదుసలులకును" అను మాట నాకు కనబడలేదు. వ్రాయుడని నేనును అడుగలేదు. మాటను చూడుడు: కరవు భత్యము! కరవనగా అన్నము దొరకని కాలము. ఆ పేరుతో నున్న భత్యము నెల మొదటి వారములో జీతమందుకొను నాకు కలదు. పదునైదు దినములకే చేయి ఖాళీయగు అవ్వకు లేదు.

నేను చిన్నవాడను, నాకన్న పెద్దలను చూతము. పార్లమెంటు సభ్యుల జీతమును ధరల పెరుగుదలనుబట్టి ఐదేండ్లకొకమారు తమంతట తామే సవరింపబడునట్లు 2018 లో శాసనము చేసికొనిరి. దాని ఫలముగ 2025 మార్చిలో వారి జీతము లక్ష రూపాయలనుండి 1,24,000 రూపాయలకు, మాజీ సభ్యుల పింఛను 25,000 నుండి 31,000 కు పెరిగెను. అదియు 2023 ఏప్రిల్ మొదలుకొని చెల్లునట్లు. నేను దీనిని దోషమనను. ధరలు పెరిగినపుడు పైకపు విలువ తఱుగునని వారెఱుగుదురనుటకు ఇదియే సాక్ష్యము. మఱి ఆ చేతులే నడపు వృద్ధాప్య పింఛనును చూడుడు. నిరుపేద ముదుసలులకు కేంద్ర ప్రభుత్వమిచ్చు వంతు 1995 లో 75 రూపాయలుగ మొదలై, 2006 లో 200 అయినది. 2025 నాటికిని అఱువదినుండి డెబ్బదితొమ్మిదేండ్ల వఱకుగలవారికి అది 200 రూపాయలే. ఆ నడుమ ధరలు మూడింతలకు మించి పెరిగినవి. తమ లక్ష రూపాయలు కరగుట కనబడిన కన్నులకు, పరుల రెండువందలు కరగుట కనబడకపోవుట ఎట్టి చూపు?

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషరు 1928 లో ఒక గ్రంథమే వ్రాసి ఈ జబ్బునకు పేరు పెట్టినాడు. రూపాయి యెప్పుడును రూపాయియే యని నమ్ముటను ఆయన ద్రవ్యభ్రమ యనెను. సామాన్యజనమునకు ఈ భ్రమ యుండుట సహజము. ప్రభుత్వములు దీనిని లాభముగా వాడుకొనుట మాత్రము సహజము కాదు. మన కౌటిల్యుడు అర్థశాస్త్రపు రెండవ అధికరణమున బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథలను రాజు భరింపవలెనని విధించినాడు. ఆ అధికరణముననే సరకుల వెలల హెచ్చుతగ్గులను కనిపెట్టుచుండు పణ్యాధ్యక్షుని నియమించినాడు. నేటి రాజ్యమునకు పణ్యాధ్యక్షుడును కలడు, పింఛను పట్టికయు కలదు. ఒకరి లెక్క యొకరికి తెలియదు.

ఇక ఎదురువాదములు. బియ్యము ఊరక ఇచ్చుచున్నారు గదా యందురు. నిజమే, 2025 ఏప్రిల్ మొదలు మనిషికి నెలకు ఆఱు కిలోల సన్నబియ్యమును తెలంగాణ ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుట మొదలిడెను. అది మంచి పని. కాదనువాడు అన్నము విలువ నెఱుగడు. కాని ఒంటరి ముదుసలి ఆఱు కిలోల బియ్యమును ఉప్పు, పప్పు, నూనె లేక ఉడికించి తినవలెనా? నిజామాబాదు ఆసుపత్రికి పోవు బస్సు ఆడువారికి ఉచితమైనను, బస్సు దిగిన పిదప ఆటోవాడును, మందుల దుకాణమువాడును బియ్యము పుచ్చుకొనరు.

ప్రభుత్వములు పింఛనును పెంచుచునే యున్నవి గదా యందురు. పెంచినవి. 2014 లో 200 నుండి 1,000 కి, 2019 లో 2,016 కు. అవి పెద్ద పెంపులే, వానివలన లక్షల ముదుసలులు ఇంట గౌరవము పొందిరి. కాని 2019 తరువాత? దివ్యాంగుల పింఛను 2023 లో, ఎన్నికల యేట, 4,016 అయినది. ఆ యెన్నికలలోనే వృద్ధులకు, వితంతువులకు, బీడీ కార్మికులకు 4,000 రూపాయల వాగ్దానము జరిగినది; 2025 ముగియువఱకును అది వాగ్దానముగనే యున్నది. ధరలు నెలనెల పెరుగుచుండ పింఛను ఎన్నికలకొకమారు కదలుచున్నచో, నడుమనున్న యేండ్లలో తఱిగినదాని నెవరు భరించుచున్నారు? అంతకన్న కీడు మఱియొకటి కలదు. లెక్కప్రకారము రావలసినది ఎన్నికల సభలో వరముగా వచ్చినపుడు, పుచ్చుకొనువారు చేతులు జోడింపవలసివచ్చును. నా కరవు భత్యమునకై నేనెవరికిని చేతులు జోడింపలేదు.

బొక్కసమున ధనము లేదని తుదివాదము. ధర పెరిగినపుడు ప్రభుత్వమునకు నష్టమే యని యెవరనిరి? వస్తువుల పన్ను నూటికింత యని వేయబడినది గావున, సబ్బుబిళ్ల వెల పెరిగిన దానిపై పన్నును పెరుగును. అవ్వయు ఆ పన్ను కట్టుచున్నది. ధరల పెరుగుదలవలన రాబడి పెరుగుట న్యాయమైనచో, అదే పెరుగుదలనుబట్టి పింఛను పెరుగుట అన్యాయమగునా?

కావున చేయవలసినదిది. ప్రతి ఏప్రిల్ నెలలో, గడచిన యేడు ధరలు నూటికెంత పెరిగెనో, పింఛనును నూటికంత పెంచుట, తగ్గినచో తగ్గింపకుండుట. ఇందులకు క్రొత్త సంఘములు, క్రొత్త విచారణలు వలదు. సిమ్లాలోని కార్మిక శాఖా కార్యాలయము వ్యవసాయ కూలీల ధరల సూచికను నెలనెల ప్రకటించుచున్నది. గ్రామీణ ఉపాధి హామీ పథకపు కూలిని 2011 నుండి ఆ సూచికనుబట్టియే ఏటేట సవరించుచు వచ్చిరి. ఆ సూచికకు 1983 నాటి సంసారముల వెచ్చమే 2025 వఱకు ఆధారమైయుండెననుట మన కార్యాలయముల నిద్రకు గుఱుతు. అయినను చెడ్డ కొలతతోనైన కొలిచిరి. పింఛను విషయమున ఏ కొలతయు లేదు. మొదటి యేట, 2019 నుండి తఱిగినదానినంతయు పూరించి, అచ్చటనుండి ఈ లెక్క మొదలిడవలయును. వచ్చు సంవత్సరము మా సంఘము కరవు భత్యమునకై వ్రాయు వినతిపత్రములో ఈ కోరిక రెండవ వాక్యముగ నుండనిచో దానిపై నేను సంతకము చేయనని కార్యదర్శికి తెలిపితిని. ఆయన ఇంకను బదులు వ్రాయలేదు.