గృహారోగ్యము: బెల్లపుటూర మధుమేహము



అనకాపల్లి పేరు చెప్పగానే పరస్థలములవారు మొదట బెల్లము మాట యెత్తుదురు. అది సహజమే. మా యూరి బెల్లపు మార్కెట్టు దేశమున పేరుపొందినది. చెరకు పరిశోధనస్థానము 1913వ సంవత్సరముననే యిచట వెలసినది. గానుగలాడు దినములలో పాకపు వాసన గాలితో వచ్చి వీధిగుమ్మములలో నిలుచును. ఇట్టి యూర కాపురముండి మధుమేహమును గూర్చి వ్రాయబూనుట మాకే కొంత నవ్వు పుట్టించుచున్నది. అయినను నిరుడు మా యింట జరిగిన సంగతి మీకు జెప్పక తీరదు. ఏలయన నది మధుమేహమును గూర్చి మాత్రమే కాదు. నలువదియైదేండ్లు దాటిన స్త్రీలు పెదవి విప్పి చెప్పుకొనని ముట్లుడుగు కాలమును గూర్చి కూడను. ఈ రెండును నొక్క శరీరమున గలసినపుడు ఒకదాని వేషము వేరొకటి వేయును. ఆ వేషమును గుర్తింపలేక మే మొక ప్రాణము మీదికి దెచ్చుకొంటిమి.

మావారి యక్కగారు, మా వదినగారు, మా వీధిలోనే కాపురము. వయస్సు 48 ఏండ్లు. ఆరేండ్లుగా మధుమేహమున్నది. మెట్‌ఫార్మిను, గ్లైమిపిరైడు అను రెండు మాత్రలు వాడుచుండిరి. మొట్టమొదట మాత్రలిచ్చిననాడే వైద్యుడు, "చెమటపట్టి వణకు పుట్టినచో షుగరు పడిపోయినదని తెలిసికొని వెంటనే తీపి తినుడు" అని చెప్పియుండెను. ఆ మాట మంచిదే. వదినగారు దానిని వేదవాక్యముగా గైకొని తలగడ క్రింద నొక చిన్న భరిణెలో బెల్లపుముక్కలు పెట్టుకొనిరి.

నిరుడు వేసవి మొదలుకొని ఆమెకు నెలసరి తప్పుచు వచ్చెను. రెండు నెలల కొకమారు, ఆపైన నాలుగు నెలల కొకమారు. రాత్రులందు మూడు నాలుగు పర్యాయములు ఒళ్లంతయు మండి, చెమటలు గ్రమ్మి, చీర తడిసి మెలకువ వచ్చెడిది. వచ్చినప్పుడెల్ల షుగరు పడిపోయినదని తలచి భరిణె తెరచి బెల్లము నోట వేసికొనెడివారు. చెమట కొన్ని నిమిషములకు తానై తగ్గెడిది; బెల్లము తగ్గించినదని నమ్మెడివారు. మూడు నెలల సగటు జూపు రక్తపరీక్షలో అంతకుముందు 7.2 ఉండిన యంకె 9.4కు జేరెను. వైద్యుడు గ్లైమిపిరైడు మోతాదు హెచ్చించెను. తలగడ క్రింది భరిణె సంగతి ఆయన యడుగలేదు. నెలసరి తప్పుచున్న సంగతి వదినగారు చెప్పలేదు. మగవైద్యునితో నామాట లేమిటని సిగ్గు.

తరువాత జరిగినదానిలో తప్పు మాదియే. ఆమె యింట నేదో శుభకార్యమై బంధువులు వచ్చియుండిరి. ఉదయ మెనిమిది గంటలకు మాత్ర వేసికొని, రెండు ఇడ్డెనలు తిని, అందరి వడ్డనలు నయ్యువరకు తాము విస్తరిముందు గూర్చుండలేదు. మధ్యాహ్నము మూడు గంటలవేళ వంటయింటి గుమ్మమున గూలబడిరి. ముఖమంతయు చెమట. మేము దగ్గరనే యుంటిమి. "ఇది ఆ వయసు వేడియే" అని మాలో మేమనుకొని, విసనకఱ్ఱతో విసరుచు, చల్లనినీరు ముఖమున జల్లుచు పది నిమిషములు గడిపితిమి. వదినగారు, "మరదలా, ఎవరో పిలుస్తున్నారే, తలుపు తియ్యి" అని సందర్భము లేని మాట లాడసాగిరి. చేయి పట్టి చూడగా మంచువలె జల్లగా నుండెను. అప్పటికి గాని మాకు దెలివి రాలేదు. వారబ్బాయి గ్లూకోమీటరు దెచ్చి వ్రేలు గుచ్చి చూచెను: 52. ఇంకను మ్రింగగల స్థితిలో నుండుటచే పంచదార నీళ్లు త్రాగించితిమి. పావుగంటకు 84. ఆ పది నిమిషములు మేము విసరిన విసనకఱ్ఱను తలచుకొన్నచో నేటికిని మాకు సిగ్గగును.

కావున మొదటి సంగతి యిది. ముట్లుడుగు కాలపు మంట సామాన్యముగా రొమ్మున బుట్టి మెడకు, ముఖమునకు ప్రాకును, ముఖము ఎఱ్ఱబడును, చర్మము వెచ్చగా నుండును, కొన్ని నిమిషములలో తగ్గి పిదప చలి వేయును. షుగరు పడిపోవునపుడు చెమట చల్లగా నుండును. చేతులు వణకును, ఆకలి దహించును, గుండె దడదడలాడును, మాట తడబడును. అయిన నర్ధరాత్రి నిద్రమత్తులో నీ భేదము నెంచుట ఎవరితరము? గుండెదడయు, చెమటయు రెంటను గలవు. వ్రేలు గుచ్చి చూచుటయే దిక్కు. 70కి తక్కువైనచో మూడు చిన్నచెంచాల పంచదార నీటిలో గలిపి త్రాగి, పదునైదు నిమిషములాగి మరల చూడవలెను. 70కి పైన నున్నచో తీపి ముట్టక, తడిబట్ట మార్చి, పంకా వేసికొని పరుండవచ్చును. మీటరు చేతికందని చోట, ఇన్సులినో గ్లైమిపిరైడువంటి మాత్రయో వాడువారు షుగరు పడిపోయినదనియే యెంచి తీపి తినుట క్షేమము. ఒక్క మెట్‌ఫార్మిను మాత్రమే వాడువారికి షుగరు అంతగా పడిపోవుట అరుదు. స్పృహ తప్పినవారి నోట మాత్ర మేమియు పోయరాదు, ఆస్పత్రికి జేర్పవలెను.

ఈ వయసున నిట్లేల జరుగును? అండాశయములలో బుట్టు ఈస్ట్రోజను అను రసము, ఇన్సులిను తన పని చక్కగా జేయుటకు దోడుపడును. అది తగ్గినకొలది ఇన్సులిను మొండికెత్తును. తొడలందు జేరు కొవ్వు పొట్టకు జేరును. రాత్రి నిద్ర చెడినవారికి మరునాటి షుగరు హెచ్చును. ఈ రసము కొంతకాలము ఒకనా డెక్కుచు నొకనాడు దిగుచు నుండుటచే, తిండి, మాత్ర, పని ఏమియు మారకున్నను షుగరు అంకె మారుచుండును. "నేనేమి తప్పు తింటిని?" అని వదినగారు కంటనీరు బెట్టుకొన్న దినములు కలవు. తప్పు తినలేదు, కాలము మారినది. ఇంకొకటి: ఈ దినములలో నెలసరి విపరీతమై రక్తము పోవువారికిని, రక్తహీనత గలవారికిని ఆ మూడు నెలల సగటు అంకె తప్పుదారి పట్టింపవచ్చును. వ్రేలిచుక్క అంకెలకును దానికిని పొత్తు కుదరకున్నచో వైద్యుని యడుగుడు.

మన ప్రాచీనులు ఈ రెండు సంగతులను నెఱిగియే యుండిరి. స్త్రీలకు ఋతువు పండ్రెండవ యేట మొదలై యేబదియేండ్లకు ఉడుగునని సుశ్రుతుడు చెప్పెను. ప్రమేహములు ఇరువది యని లెక్కించి, అందు మధుమేహమును చేర్చిరి. ప్రమేహమునకు గారణములు చెప్పుచు చరకుడు కూర్చుండు సుఖము, నిద్రాసుఖము, పెరుగు, క్రొత్తబియ్యము, వీనితోపాటు బెల్లపు పిండివంటలను గూడ లెక్కించెను. మా యూరివారికి చరకునిపై గోపము రావలసినదే! "పంచదార చెడ్డది గాని బెల్లమునకు దోషము లేదు" అని మా మార్కెట్టు వీధిలో పదిమందిలో తొమ్మండుగురు చెప్పుదురు. బెల్లమున ఇనుము, ఇతర లవణములు కొంచె ముండుట నిజమే. కాని అందు మిక్కిలి భాగము చక్కెరయే. రక్తమున గలసినపుడు షుగరు దాని రంగు చూడదు. చోళ్ల యంబలియు నట్లే. చోళ్లు మంచివని పెద్దగ్లాసుడు పలుచని యంబలి త్రాగి ఊరకుండరాదు, అదియు పిండియే. చోడిరొట్టెతో ఆకుకూరపప్పు చేర్చి మితముగా దినుట మేలు.

తిండికంటె తినువేళ ముఖ్యమని మాకిప్పుడు తోచుచున్నది. అందరికిని వడ్డించి కడపట దినుట మన యిండ్లలో నొక మర్యాదగా నిలిచినది. ఆ మర్యాద నెరపువారి మాత్ర మాత్ర ముదయ మెనిమిది గంటలకే లోపల బనిచేయుచుండును. వదినగారి భర్త యిప్పుడు పండ్రెండున్నరకు తామే విస్తరి వేసి కూర్చుండబెట్టుచున్నారు. ఏకాదశి, కార్తికసోమవారములకు ముందుగా వైద్యుని యడిగి మాత్ర సవరించుకొనవలెను. మాత్ర వేసికొని పస్తుండుట యుపవాసము కాదు.

మన రాష్ట్రమునకు బ్రత్యేకముగా జెప్పవలసిన దొకటి కలదు. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిమీద నూటికి ముగ్గురుండగా ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు. తెల్లబట్టకు, నడుమునొప్పికి, "ఇక దానితో పనియేమి" అను మాటకు గర్భసంచి నిచ్చివేసిన ముప్పదియైదేండ్లవారిని మేమును నెఱుగుదుము. అండాశయములు గూడ దీసినచో ముట్లుడుగు దశ పదేండ్లు ముందుగా నొక్కసారి వచ్చి పడును. చిన్నవయసుననే యట్లయినవారికి మధుమేహము, గుండెజబ్బు, ఎముకల బలహీనత వచ్చు భయము హెచ్చు. అనవసరమగు నిట్టి యాపరేషన్లను నివారింప గేంద్రప్రభుత్వము చేసిన సూత్రములను రాష్ట్రములన్నియు నమలు పరుపవలెనని 2023లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించెను. ఆపరేషను చెప్పిన చోటనే తల యూపక, వేరొక వైద్యురాలిని గూడ నడుగుడు; అండాశయము లుంచుదురా తీయుదురా యని నోరు దెరచి యడుగుడు.

సిగ్గుచే దాచుకొనువానిలో మరికొన్ని: మూత్రమున మంట, మర్మస్థానమున దురద. ముట్లుడిగినపిదప అచటి చర్మము పలుచబడును. షుగరు హెచ్చినచో సూక్ష్మక్రిములకు బండుగ. దీనికి మందు కలదు, నెలల తరబడి సహింప బనిలేదు. నెలసరి పూర్తిగా నిలిచి యేడాది దాటినపిదప నొక్కచుక్క రక్తము గనబడినను వెంటనే చూపించుకొనవలెను. మధుమేహమును, స్థూలకాయమును గలవారికి గర్భాశయపు లోపొర క్యాన్సరు భయము హెచ్చు గనుక దీనిలో జాగు తగదు.

మంటలు భరింపరానివైనచో హార్మోను చికిత్స కలదు. మధుమేహమున్నంతమాత్రమున నది నిషిద్ధము కాదు. కాని గుండెజబ్బు, రొమ్ముక్యాన్సరు, రక్తము గడ్డకట్టు స్వభావము గలవా యని చూచి వైద్యులు నిర్ణయింపవలసినది. ఇరుగుపొరుగు మాత్ర లడిగి వాడునది కాదు. హార్మోను లేని మందులును కొన్ని కలవు.

వదినగారి గ్లైమిపిరైడు వైద్యుడు తగ్గించెను. వదినగారు రాత్రి బెల్లము మానిరి. భోజనానంతరము పావుగంట డాబామీద నడచుచున్నారు. రెండు నీళ్లసీసాలు చేతులతో నెత్తి దించుచున్నారు, కండయు నెముకయు నిలుచుటకని. మీటరు పట్టీలు ఖరీదైనవని మొదట సణగిరి గాని, ప్రతిదినము గాక చెమటపట్టినపుడును, వారమునకు రెండుదినములు ఉదయము పరగడుపునను చూచి మా పాత లెక్కల నోటుబుక్కులో వ్రాయుచున్నారు. పట్టీలు కొనలేనివారు, ఇంకను పరీక్షయే చేయించుకొననివారు ఊరి ఆరోగ్యకేంద్రమున ఏ.ఎన్.ఎం. నడుగవచ్చును, ముప్పది దాటినవారికి షుగరు, రక్తపుపోటు అచట నుచితముగా జూతురు. ఆరు నెలల పిదప వదినగారి సగటు 7.6. రాత్రి చెమటలు మాత్ర మింకను పోలేదు.

మొన్న కొత్తమావాస్యకు నూకాలమ్మ తల్లి దర్శనము చేసికొని వచ్చి, మరునా డుగాదిపచ్చడి కలుపునపుడు, బెల్లము తామే తురిమి, "ఒక్క చెంచా, మరదలా, చూస్తున్నావుగా, ఒక్కటే" అనిరి. మేము చూచితిమి, ఒకటిన్నర.