ఎముకల కాపరి

గడచిన శ్రావణమాసమున మా కుసుమంచిలో, మా యింటనే జరిగిన యొక చిన్న సంగతి మీకు విన్నవించెదము. పదేండ్ల మా పిల్లవాడు చెరువుగట్టున దొరికిన పాము కుబుసమును కాగితములో పొదివి తెచ్చెను. మడి కట్టుకొని వంటచేయుచున్న మేము దానిని చూచినంతనే కేకలు వేసి, పెంటకుప్పలో పారవేయించితిమి. వాడు మాఱుమాటాడలేదు, ఆ రాత్రి అన్నము ముట్టలేదు.

నాలుగు దినముల పిమ్మట, బడిపంతులుగారైన మావారు మాకు శంకర్ ఛటర్జీగారి వృత్తాంతము వినిపించిరి. ఆయన 1943లో జన్మించిన వంగదేశీయులు. మన ఇల్లెందు, కొత్తగూడెములకు బొగ్గునిచ్చిన గోదావరీలోయయే ఉత్తరమున ప్రాణహిత వఱకు సాగుచున్నది గదా! ఆ లోయలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా మలేరి ప్రాంతమున, బొగ్గుపొరలకు తరువాతి కాలపు ఎఱ్ఱమట్టిపొరలు గలవు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు పండితులకు అందు సుమారు 23 కోట్ల యేండ్లనాటి సరీసృపముల యెముకలును, కప్పలకు దూరపు చుట్టములైన పెద్ద ఉభయచరముల యెముకలును లభించినవి.

ఛటర్జీగారు వానిలో, చిలుకముక్కు వంటి మూతిగల యొక శాకాహారిని గూర్చి 1974లోను, మొసలిని బోలిన పారాసూకస్ అను జంతువును గూర్చి 1978లోను గ్రంథస్థము చేసిరి. రెండు పారాసూకసుల అస్థిపంజరములలో, పొట్ట యుండవలసిన తావున, అవి మ్రింగిన చిన్న సరీసృపముల యెముకలు కానవచ్చెను! ఆ చిన్న ప్రాణికి ఆయన 1980లో మలేరిసారస్ రాబిన్‌సనే యని నామకరణము చేసిరి. అందు మొదటి పదము మన పల్లె పేరు. రెండవది లండనునుండి వచ్చి ఆ సంస్థలో నీ విద్యకు పునాది వేసిన పామెలా రాబిన్‌సన్ అను విదుషీమణి పేరు.

పిదప ఆయన అమెరికాలో, టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో క్యూరేటరు, అనగా సంరక్షకులు, అయిరి. 1986లో టెక్సాసు ఎముకలయందును మలేరిసారస్ జాతినే గుర్తించిరి. ఆ ప్రాచీనకాలమున ఖండములన్నియు నొక్కటిగా నుండుటచే మన పల్లె జంతువునకు అచట చుట్టముండుట వింత గాదు.

ఇక మా మనస్సును తాకిన ముచ్చట వినుడు. టెక్సాసులో ఆయన కుమారుడు శువో కొన్ని యెముకలు కనుగొనెను. తండ్రి వానిని పారవేయింపలేదు. 1993లో ఆ జంతువునకు కొడుకు పేరిట శువోసారస్ అని పేరిడిరి. ఉష్ట్రపక్షిని బోలిన డైనోసారని తలంచిరి. ఆ తలంపు నిలువలేదు. న్యూయార్కు మ్యూజియములో 1940 దశాబ్దమునుండి విప్పక దాచియుంచిన మూటలను విప్పి చూడగా, దీనికి దగ్గఱి చుట్టము బయల్పడెను. 2006లో ప్రకటితమైన ఆ పరిశోధనవలన ఇవి డైనోసారులు గావు, మొసళ్ల వంశపు శాఖవారని తేలెను. ఎముకలు భద్రముగా నుండుటచేతనే గదా తప్పు దిద్దుకొనుట సాధ్యమైనది! పారవేసిన వస్తువును గూర్చి మన తీర్పు తప్పైనచో దిద్దుట యెట్లు?

ఇది వినినంతనే మేము పెరటిలోనికి పోయి పెంటకుప్ప వెదకితిమి. అప్పటికే రెండు వానలు కురిసినవి, కుబుసము దొరకలేదు. పిల్లవానిని పిలిచి, "నాయనా, తప్పు మాది" యని చెప్పితిమి. మూతగల ఖాళీ డబ్బా యొకటి వాని కిచ్చి, తెచ్చిన ప్రతి వస్తువునకును ఎచట, ఏ దినమున దొరికెనో చీటి వ్రాసి కట్టవలెననియు, బ్రతికియున్న పాముల జోలికి పోరాదనియు కట్టడ చేసితిమి.

ఆ డబ్బా వంటింటిలోనికి రాకూడదను నియమము మాత్రము నేటికిని కలదు. అది వసారాలో, మావారి పుస్తకముల ప్రక్కనున్నది. అందిప్పుడు మూడు నత్తగుల్లలు, ఒక పక్షియీక యున్నవి. కుబుసమునకై మేమును చెరువుగట్టు వైపు చూచుచునే యున్నాము.