తరగతి గదులలో గాలి

మా చెన్నపట్టణమున ఒక విశ్వవిద్యాలయ భవనమునకు ఇటీవల పోవలసివచ్చినది. ఏసీ యంత్రములు పెట్టించి, కిటికీలను మేకులతో బిడాయించినారు. అరువదిమంది విద్యార్థులలో సగముమంది కునుకుచుండిరి. ఆచార్యులవారు పిల్లల అశ్రద్ధను నిందించిరి. నిందింపవలసినది గదిలోని గాలిని.

గోడకు తగిలించు ఏసీ బయటి గాలిని తేదు. ఉన్న గాలినే చల్లబరచి మరల వదలును. బయట పదిలక్షల పాళ్లలో సుమారు 420 పాళ్లుండు బొగ్గుపులుసు వాయువు, అంతమంది ఊపిరిచే మూసిన గదిలో త్వరలోనే వేయి దాటును. వేయి మించిన గాలి చెడినట్లే యని మ్యూనిక్ శాస్త్రజ్ఞుడు పెట్టెన్‌కోఫర్ 1858లోనే చెప్పినాడు. ఆ గాలిలో ఒకని జలుబు పదిమందికి అంటుటయు సులభము. చేపాకములో 1879లో ముగిసిన సెనేట్ హౌసు కట్టినవారికి కరెంటు పంకాలు లేవు. ఎత్తైన కప్పునే నమ్ముకొనిరి.

కిటికీ తెరచిన వీధిపొగ వచ్చునందురు. నిజమే, వీధివైపువి మూసి, చెట్లవైపువి తెరువవచ్చును గదా!

నేను రంగుల వర్తకుడను, దాచనేల? సెలవులలో వేయవలసిన రంగును కళాశాల తెరచు వారమున వేయించి, తలుపులు మూసి, ఆ వాసనలో పిల్లలను కూర్చుండబెట్టుచున్నారు. నూనెరంగుల ఆవిరి తలనొప్పి తెచ్చును. నీటిరంగులలో అది తక్కువ యని చెప్పినను, చౌకసరుకునే అడుగుదురు.

ఈ విద్యార్థులే సాయంకాలము మన సంఘ పఠనమందిరమునకు వచ్చుచున్నారు. అచ్చటను ఏసీ పెట్టవలెనని తీర్మానము రానున్నది. ముందు వెంటిలేటర్లు తెరిపించి, ఎగ్జాస్ట్ పంకా బిగించినగాని నేను చందా వ్రాయను.